ఆరు గురివిందల తడి

చెమట పట్టని మనిషి ఎవరుంటారు చెప్పండి. మార్కాపురం ఎండల్లో పలకల గనిలోకి దిగితే రాయికే చెమట పడతాది, మనుషుల మాట చెప్పేదేముంది. కానీ రాహేలుది ఆ చెమట కాదు. ఆమె ముఖాన చుక్క కనిపించేది కాదు, మెడ పొడిగా ఉండేది. రెండు అరచేతులు మాత్రం, చలికాలం తెల్లవారుజామున కూడా, అప్పుడే కుండలోంచి తీసినట్టు చల్లగా, తడిగా ఉండేవి. పైటకు తుడుచుకుంటే మళ్లీ ఊరేవి. పెండ్లినాడు చర్చి అయ్యగారు ఆమె కుడిచెయ్యి తీసి ఏబేలు చేతిలో పెట్టినప్పుడు, పిల్ల ఏడుస్తున్నదేమోనని ఏబేలు ఉలిక్కిపడి ముఖం వైపు చూసినాడంట. ముఖం నవ్వుతానే ఉంది. చెయ్యి ఒక్కటే ఏడుస్తా ఉంది.

నేను చెప్పబోయేది రెండో పెద్ద యుద్ధం ఆగిన ఏటి మాట. ఇంకా దొరలే ఏలుతుండిరి, మార్కాపురం ఇంకా కర్నూలు జిల్లా కిందనే ఉండె. ఏబేలు గనిలో ఉలితో రాయిని పొరలు పొరలుగా చీల్చేవాడు. రాహేలుకు పైన కార్ఖానాలో పలకలు ఏరే పని. మంచి పలకేదో పగులు పలకేదో చూసి వేరు చేయాల.

పగులు చూసేదానికి అందరూ చేసే పద్ధతి ఒకటుంది. వేలి కణుపుతో కొట్టి వినేది. మంచి రాయి ఖంగుమంటాది, పగిలింది బొంగురుగా పలుకుతాది. వెంట్రుకంత సన్నని పగులైతే మాత్రం ఏ చెవికీ దొరకదు. అట్లాంటిది చట్రం బిగించుకొని పెట్టెలో పడి మద్రాసు దాకా పోయి, ఏ బడిలోనో ఏ పిల్ల ఒళ్లోనో ఉన్నట్టుండి రెండు ముక్కలయితాది. రాహేలు కొట్టి వినేది కాదు. అరచెయ్యి పలక మీద ఆనించి తీసేది. నల్లని పలక మీద ఇంకా నల్లని తడి చెయ్యి ఒకటి పడేది. ఆ చెయ్యి అంచుల నుంచి ఆరుకుంటా వచ్చేది. మొదట వేళ్లు పోయేవి, తర్వాత అరచెయ్యి పోయేది. రాయి బాగుంటే ఏమీ మిగిలేది కాదు. పగులుంటే, అంతా ఆరినాక కూడా ఒక సన్నని గీత నల్లగా నిలిచిపోయేది. తడి ఆ సందులోకి దిగి దాక్కునేది కదా. మేస్త్రీ చిన్నమల్లయ్య ఎవరినీ మెచ్చుకునే మనిషి కాదు. ఆయన కూడా రాహేలు చెయ్యి పడిందా అని అడిగి గాని పెట్టె మూయించేవాడు కాదు.

ఇంకో సంగతి కూడా చెప్పాల. తడి చేతులు కాబట్టి పలక అప్పుడప్పుడు జారి కింద పడేది. దానికి కార్ఖానాలో ఆడోళ్లు ఒక లెక్క కట్టినారు. రాహేలు చెయ్యి పగులును కనిపెడతాది, కాబట్టి రాహేలు చేతిలోంచి జారిందంటే అది పగులుదే అన్నారు. పడి కూడా చెక్కుచెదరని పలకను సైతం మళ్లీ చూడకుండా తుక్కు కుప్పలోకి విసిరేవాళ్లు. మొదట్లో అది పరాచికం. రెండేండ్లలో అదే పద్ధతి అయి కూర్చుంది. ఎవరు నవ్వుకోవడానికి పుట్టించినారో వాళ్లే మర్చిపోయినారు. రాహేలు కూడా నమ్మింది. నన్నడిగితే చిక్కంతా అక్కడే వచ్చింది.

వాళ్లకు ఒక్కతే బిడ్డ, కృపావరం. కృప అని పిలిచేవాళ్లు. పుట్టింది నడి వేసవిలో. కప్పు కాగి, గోడలు కాగి, పసిది గుక్కపట్టి ఏడుస్తుంటే రాహేలు అరచెయ్యి తీసి దాని చెంపకు ఆనించేది. అంతే, ఏడుపు ఆగిపోయేది. చల్లని తడికి చెంప ఆనించి, నోరు తెరుచుకొని నిద్రపోయేది. ఆ వేసవి పోయి చలి వచ్చినా ఆ అలవాటు పోలేదు. అమ్మ చెయ్యి చెంప కింద లేకపోతే ఆ పిల్లకు కన్ను మూతపడేది కాదు. రాహేలు తన చేతులను చూసి సిగ్గుపడకుండా ఉండేది లోకంలో ఆ ఒక్క వేళే.

కృపకు రెండో ఏడు వచ్చినాక, నవంబరులో, ఏటి అవతలి పల్లెలో చర్చి కోతపండుగకు పోయినారు. గుండ్లకమ్మ ఆ రేవులో ఎప్పుడూ పిక్కల లోతే. ఆ రోజు పైన నల్లమలలో ఎక్కడో వాన పడి ఉంటాది, నీళ్లు ఎర్రగా మోకాలు దాటినాయి. ఏబేలు తల్లి మణెమ్మ ముందుగా దాటి అవతలి గట్టున కూర్చుంది. ఏబేలు గంప నెత్తిన పెట్టుకొని వెనక వస్తున్నాడు. నడుమ రాహేలు. పిల్ల చంకలో నిలవక మారాం చేసింది. నడి ఏట్లో నడుమెత్తు బండ ఒకటుంటే దాని మీద నిలబెట్టి, చెయ్యి పట్టుకొని, చీర కుచ్చిళ్లు దోపుకుంటున్నది. రెప్పపాటు. చేతిలో చెయ్యి లేదు. బండ మీద పిల్ల లేదు. ఎర్రనీళ్లు పోతా ఉన్నాయి.

ఏబేలు గంప పారేసి దూకినాడు. పది బారల దిగువన పిల్ల గౌను దొరికింది, గౌనుతో పిల్లా దొరికింది. తలకిందులుగా పట్టి నీళ్లు కక్కిస్తే కెవ్వుమనింది. దేవుని దయ, ఏమీ కాలేదు. కానీ రాహేలు నడి ఏట్లో అట్లనే నిలబడి తన కుడిచెయ్యి చూసుకుంటా ఉండిపోయింది. ఏరు ఒక పక్క పోతుంటే, ఆ ఎర్రనీళ్లు ఏవో తన చేతిలో ఊరిన నీళ్లేవో ఆమెకు తెలియలేదు.

కార్ఖానాలో అందరూ పరామర్శించినారు. దానమ్మ అని ఒకామె ఉండేది, నోటికి తడిక లేని మనిషి. జారిందంటే, అని మొదలుపెట్టి, పక్కామె మోచేత్తో పొడిస్తే మిగతాది మింగేసింది. మింగి ఏం లాభం. ఆ మింగిన మాట రాహేలు కడుపులోకి దిగింది. నా చేతిలోంచి జారింది పగులుదే అయితే, నా బిడ్డలో ఏముంది? చెయ్యి ఏం చూసి వదిలింది?

చెప్పడానికే మనసొప్పదు గాని, ఆమె చేసిన పని చెప్పకపోతే ఈ కథ చెప్పినట్టు కాదు. మధ్యాహ్నాలు పిల్ల బోర్లా పడి నిద్రపోయేటప్పుడు, ఇంట్లో ఎవరూ లేకుండా చూసి, రాహేలు అరచెయ్యి ఆ చిన్న వీపు మీద ఆనించి తీసేది. తడి చెయ్యి పడేది. కిటికీ సందులోంచి ఎండ పలచగా వచ్చేది, దూరంగా గనిలో ఉలి చప్పుడు వినిపించేది. ఊపిరి బిగబట్టి, ఆ తడి ఆరుతుంటే చూస్తా కూర్చునేది. వేళ్లు పోయేవి. అరచెయ్యి పోయేది. ఇంక గీత మిగులుతాదా? పసి ఒళ్లు రాయి కాదు కదా. ఊపిరికి కదులుతాది, ఆరుతాది, నిగనిగలాడతాది. ఒకరోజు ఏమీ లేదనిపించేది. ఒకరోజు ఎముక నీడే గీతలాగ కనపడేది. ఆ పూట ఆమె అన్నం ముట్టేది కాదు.

కొన్నాళ్లకు పిల్లను చేత్తో తాకడమే మానుకుంది. ఎత్తుకోవాలంటే మోచేతులతో ఎత్తేది, లేకుంటే పైట చుట్టుకొని పట్టుకునేది. ఏ బాటైనా నడవాల్సి వస్తే మణెమ్మకు అప్పగించేది. మణెమ్మ చేతులు చాపి తీసుకునేది. ఆ ముసలామె కూడా మునుపటిలాగ లేదు. పండగొస్తే గంపెడు బొరుగుల ఉండలు చుట్టి పల్లెంతా పంచే మనిషి, ఆ కోతపండుగ నాటి నుంచి బెల్లం పాకమే పట్టలేదు. పిల్ల అడిగితే కసిరేది. బిడ్డ బతికినందుకు మొక్కుకొని మానేసిందేమో అనుకున్నారు అందరూ. పిల్ల అవ్వ పక్కన పడుకోవడం నేర్చుకుంది. నేర్చుకుందంటే, ఏడ్చి ఏడ్చి అలసి పడుకునేది. గోడకు ఇవతల రాహేలు రెండు చేతులూ చంకల్లో దోపుకొని ఆ ఏడుపు వినేది.

మాఘంలో మిషన్ వాళ్లు కంభంలో మందుల క్యాంపు పెట్టినారు. మణెమ్మ మోకాళ్ల నొప్పికి రాహేలు తోడుపోయింది. డాక్టరు చీటీ రాసిచ్చినాడు. మందుల బల్ల దాకా పోయేలోపు ఆ చీటీ రాహేలు చేతిలో నాని, సిరా కారి, పిడచ అయిపోయింది. ఇంకో చీటీ అడగను సిగ్గుపడి తల వంచుకొని నిలబడితే, ఆ డాక్టరు కసరలేదు. చీటీ పక్కన పెట్టి చెయ్యి చూపించమన్నాడు.

ఆయన పేరు ప్రభాకరరావు. యుద్ధంలో పనిచేసి వచ్చిన సర్జను. చెయ్యి ఇట్ల తిప్పి అట్ల తిప్పి, ఎన్నాళ్లుగా అని, నిద్రలో కూడానా అని అడిగినాడు. నిద్రలో ఎట్లుంటాదో ఆమెకేం తెలుసు. అప్పుడు మణెమ్మ చెప్పింది, నిద్రలో ఆరిపోతాదని. కోడలు నిద్రపోయేటప్పుడు అత్త వచ్చి ఆ చెయ్యి ఎందుకు చూసిందో అప్పుడు ఎవరూ అడగలేదు. డాక్టరు విషయం వివరంగా చెప్పినాడు. చేతికి చెమట పట్టమని చెప్పే నరం ఒకటి వెన్నెముక పక్కన దారంలాగ దిగి ఉంటాదంట. వీపు కోసి, చిన్న పక్కటెముక ముక్క తీసి, ఆ దారాన్ని తెంచితే చెయ్యి ఆరిపోతాదంట. ఒక పక్క చేసి, పదిహేను రోజులాగి రెండో పక్క చేస్తారు. నొప్పి ఉంటాది, ప్రమాదం కూడా లేకపోలేదు, ఇష్టమైతేనే రా, అన్నాడు.

ఇంట్లో ఏబేలు ఒప్పుకోలేదు. ఆ చెయ్యి మీద నాకేం ఫిర్యాదు లేదు, చేతి కోసం వీపు ఎవరైనా కోయించుకుంటారా అన్నాడు. మంచి మాటే. కానీ రాహేలు ఒకటే అనింది. "ఏందయ్యా, నా బిడ్డ చెయ్యి నేను పట్టుకోవాల. దానికి ఇంకో దోవ ఉంటే చెప్పు."

వేసవిలో మార్కాపురం రోడ్డు స్టేషనుకు బండి కట్టించుకొని పోయినారు. బయలుదేరేటప్పుడు మణెమ్మ పిల్లను చంకనేసుకొని తడిక దాకా వచ్చింది. నోరు తెరిచింది, మూసింది. మళ్లీ తెరిచింది. చివరికి, వేళకు అన్నం తిను అమ్మీ, అని లోపలికి పోయింది.

రైలు దిగి చేరింది సముద్రం వైపు ఉండే మిషన్ ఆసుపత్రికి, ప్రభాకరరావు పనిచేసేది అక్కడే. తెల్లని గోడలు, ఎత్తు కిటికీలు, గాలికి ఊగే పలచని తెరలు. నర్సు సుశీలమ్మ చూపించిన మంచం మీద పడుకుంటే, ఏదో పెద్ద నీళ్ల తొట్టి అడుగున ఉండి పైకి చూసినట్టు ఉండేది రాహేలుకు. మాటలు దూరం నుంచి వచ్చేవి. అడుగుల చప్పుడు మెత్తగా ఉండేది. గనిలో పుట్టి పెరిగిన మనిషికి అంత తెలుపు ఒక్కసారి చూస్తే కండ్లు తిరగవా.

చెమట కొలిచే రోజు ఆమెను ఒక చిన్న గదిలో కూర్చోబెట్టినారు. అద్దాల పెట్టెలో ఒక త్రాసు ఉంది, ఊపిరి తగిలినా ఊగేంత నాజూకుది. డాక్టరు అద్దుడు కాగితం మడత ఒకటి తూకం వేసి, ఆమె అరచేతిలో పెట్టి, పైన రబ్బరు గుడ్డ కట్టినాడు. గోడ గడియారం చూసుకుంటా పది నిమిషాలు కూర్చున్నాడు. రెండో చేతికీ అంతే. తర్వాత కాగితాలు తీసి మళ్లీ తూచి పుస్తకంలో రాసుకున్నాడు. ఎంతయింది అయ్యా అని ఆమె అడిగింది. ఆయన ఏవో గ్రెయిన్లు అన్నాడు, ఆమెకు తెలియలేదు. కాసేపు ఆలోచించి, మీ కంసాలి తూకంలో చెప్పాలంటే పది నిమిషాలకు ఆరు గురివింద గింజల ఎత్తు అన్నాడు.

రాహేలు తన చేతుల వైపు చూసుకుంది. ఆరు గింజలు. ముక్కుపుడక తూచేటప్పుడు వేసే అంత. ఇంత నీళ్లకా నా బిడ్డ ఏట్లో పోయింది అనుకొని, అప్పుడు ఏడ్చింది. ఏరు దగ్గర ఏడవలేదు, దానమ్మ మాటకు ఏడవలేదు. డాక్టరు నొప్పేమో అనుకొని గుడ్డ విప్పి చూసినాడు.

తర్వాత అరచేతులకు అయోడిన్ పూసి, ఆరనిచ్చి, పైన గంజిపిండి పలచగా చల్లినాడు. చూస్తుండగానే తెల్లపిండిలో నల్లచుక్కలు లేచినాయి. ఒకటి, నాలుగు, లెక్కలేనన్ని. ఒక్కో చెమట రంధ్రానికి ఒక్కో చుక్క అన్నాడు. చుక్కలు కలిసిపోయి, అర నిమిషంలో చెయ్యి మొత్తం నీలంగా, నల్లగా, అచ్చం పలక రంగుకు తిరిగింది. రాహేలు ఆ నల్లచేతిని ఎండలోకి పట్టి చూసింది. ఎన్ని పలకల మీద చెయ్యి ఆనించిందో అన్ని పలకలూ ఇప్పుడు చేతిలోకి వచ్చి కూర్చున్నట్టనిపించింది ఆమెకు. గీత ఏమన్నా ఉందా అని వెతికింది. చేతి గీతలు తప్ప ఏమీ లేవు.

మత్తు ఇచ్చినప్పుడు ఆమెకు గుండ్లకమ్మ కనపడింది. అయితే ఏరు కిందికి పోవడం లేదు. వేళ్ల కొసల నుంచి మణికట్టుకు, మణికట్టు నుంచి మోచేతికి, భుజానికి, నిదానంగా ఎక్కుతా ఉంది. ఎర్రగా లేదు, తేటగా ఉంది. అడుగున గులకరాళ్లు కనిపిస్తున్నాయి. బండ మీద కృప నిలబడి నవ్వుతున్నది. పట్టుకుందామంటే చేతులు ఎక్కడున్నాయో తెలియలేదు.

రెండు పక్కలా కోసినారు. వీపు మీద రెండు నిలువు కుట్లు. ఊపిరి పీలిస్తే కత్తితో పొడిచినట్టుండేదని తర్వాత చెప్పేది. నెలన్నర మంచం మీదే ఉంది. రెండో కోత మానినాక మళ్లీ ఆ చిన్న గదిలో కూర్చోబెట్టి, కాగితం పెట్టి, గుడ్డ కట్టి, పది నిమిషాలు చూసినారు. త్రాసు ముల్లు కదలలేదు. డాక్టరు ఊపిరి బిగబట్టి రెండోసారి తూచినాడు. అర గింజ కూడా లేదు. అయోడిన్ పూసి పిండి చల్లితే చెయ్యి పసుపు రంగున, పిండి తెల్లగా, ఎట్లున్నవి అట్లనే ఉన్నాయి. ఆయన ముఖం వెలిగిపోయింది. సుశీలమ్మను పిలిచి చూపించినాడు, ఇంకో డాక్టరును పిలిచి చూపించినాడు. పాపం, మనిషి మంచివాడే. కొలిచేదానికి వచ్చినంత వరకు అంతా కొలిచినాడు.

రాహేలు ఆ వెచ్చని, పొడి చేతులను ఒకదానితో ఒకటి రుద్దుకుంది. ఎండుటాకుల చప్పుడు వచ్చింది. ఆ నీళ్లు ఎక్కడికి పోయినాయి అయ్యా అని అడిగింది. డాక్టరు పుస్తకం మూస్తా, ఎక్కడికీ పోవమ్మా, ఒంట్లో ఇంకోచోట వెతుక్కుంటాయి, వీపుకు కొంచెం ఎక్కువ పడతాది, దాంతో ఇబ్బంది లేదులే అన్నాడు. దానికి మాత్రం కాగితం పెట్టి తూచలేదు.

ఇంటికొచ్చిన రోజు తడిక తీసి, వాకిట్లో కూర్చొని, రెండు చేతులూ చాపింది. ఎన్నాళ్లుగా చాపని చేతులు. కృప వచ్చింది, రాక మానలేదు. అమ్మ ముఖాన్ని ఎగాదిగా చూసింది. రాహేలు ఆ చెంపకు అరచెయ్యి ఆనించింది. పిల్ల ఉలిక్కిపడి ముఖం తిప్పుకుంది. ఆ చెయ్యి వేడిగా ఉంది, గరుకుగా ఉంది, ఎవరిదో పరాయి చెయ్యి. మళ్లీ ఆనించబోతే ఏడ్చి మణెమ్మ కుచ్చిళ్లు పట్టుకుంది. రెండేండ్లది, దానికేం తెలుసు. తెలియకనే కదా తల్లిని అంత గట్టిగా కోసేది.

కార్ఖానాలో చిన్నమల్లయ్య పేర్చిన పలకలు ముందు పెట్టినాడు. రాహేలు చెయ్యి ఆనించి తీసింది. పలక ఎట్లుండేదో అట్లనే ఉంది. ఆ రోజు పలక మీద ఆమె చెయ్యి పడలేదు, ఆ తర్వాత ఏ రోజూ పడలేదు. మేస్త్రీ ఆమెను పలకల అంచులు రుద్దే వరసలో కూర్చోబెట్టినాడు. తడి గుడ్డ పెట్టి చూసినారు గాని, గుడ్డ తడి పెచ్చుగా పడి పగులూ మంచీ ఒకటే చేసింది. రాహేలు పని పోయినందుకు పెద్దగా బాధపడలేదు. చెయ్యి ఎటు తిప్పినా జారకుండా పలకను పట్టుకుంటున్నది, అది చాలనుకుంది. కానీ ఎండ ఎక్కేకొద్దీ వీపు తడిసి రవిక అంటుకుపోయేది. కుట్ల మీదుగా ధార కారేది. డాక్టరు చెప్పింది నిజమే. నీళ్లు ఇల్లు మారినాయి, అంతే.

పిల్ల మాత్రం చెయ్యి ఇయ్యలేదు. వేసవి పోయింది, వానలు పోయినాయి. ఎండు చెయ్యి తగిలితే ముడుచుకునేది. కసిరి పట్టుకోవచ్చు, బలవంతాన లాక్కోవచ్చు. కానీ రాహేలు అట్లాంటి మనిషి కాదు. చెయ్యి చాపి కొంచెంసేపు ఉంచేది, తర్వాత తీసుకునేది. మంచి చేతిని పారేసి చెడ్డ చెయ్యి తెచ్చుకున్నానా అని ఏబేలును అడిగింది ఒకరోజు. అతను ఉలి తీసుకొని గనికి పోయినాడు.

మళ్లీ నవంబరు. మళ్లీ కోతపండుగ, మళ్లీ అదే రేవు. వాన వెలిసి ఎండ చుర్రుమంటున్నది. మూడు మైళ్లు నడిచేసరికి రాహేలు వీపు చెరువయింది. నీళ్లు తేటగా ఉన్నాయి, పిక్కలు దాటి లేవు. ఏబేలు ముందు దాటిపోయి అవతల బాట పట్టినాడు. మణెమ్మకు మోకాళ్లు పట్టుకున్నాయి, పిల్లను ఎత్తుకోలేనన్నది. రాహేలు చెయ్యి చాపింది. కృప ఆ చేతిని చూసి వెనక్కి తగ్గింది.

రాహేలు ఇంక ఆలోచించలేదు. పిల్ల వైపు వీపు తిప్పి కింద కూర్చొని, ఉప్పుమూట ఎక్కుతావా అనింది. పిల్లలకు ఆ ఆట అంటే తెలుసు కదా. కృప మెడ చుట్టూ చేతులేసి ఎక్కింది. ఎక్కినాక గాని రాహేలుకు తట్టలేదు. వీపంతా తడి. పిల్ల జారితే? మళ్లీ ఇదే ఏట్లో, ఇదే బండ దగ్గర జారితే? రెండు పొడి చేతులూ వెనక్కి పోనిచ్చి పిల్ల కాళ్లను గట్టిగా పట్టుకుంది. ఒక్కో అడుగు వేసింది. నీళ్లు పిక్కలకు చల్లగా తగులుతున్నాయి, అడుగున గులకరాళ్లు కనపడుతున్నాయి. ఏరు కదులుతున్నదో తాను కదులుతున్నదో తెలియనంత మెల్లగా పోతున్నది. నడి ఏట్లో, బండ దగ్గర, పిల్ల మెడ మీది నుంచి తల కిందికి దించి, తడిసిన రవికకు చెంప ఆనించింది. ఒక్క పెద్ద నిట్టూర్పు విడిచింది. చేతుల పట్టు సడలింది, ఒళ్లు బరువయింది. రాహేలు అడుగు ఆపి విన్నది. పిల్ల నోరు తెరుచుకొని నిద్రపోతున్నది.

అవతలి గట్టు ఎక్కి వెనక్కి తిరిగితే మణెమ్మ ఇంకా నీళ్లలోనే నిలబడి ఉంది. ఎక్కడం లేదు. కోడలి వీపు మీద తడిసిన గుడ్డలోంచి కనపడే రెండు కుట్లను రేవు దాకా నడిచినంత దూరమూ, ఆ కుట్ల మీదనే నిద్రపోయిన పిల్లను ఏరంత దూరమూ ఆమె చూసుకుంటా వచ్చింది.

"అమ్మీ," అనింది మణెమ్మ. "ఆ రోజు పిల్ల నీ చేతిలోంచి జారలేదు. నేను ఈ గట్టున కూర్చొని బొరుగుల ఉండ చూపించి, దా దా అని పిలిచినా. అది నీ చెయ్యి గుంజుకొని నా వైపు దూకింది. నా కండ్లతో నేను చూసినా."

రాహేలుకు చెవుల్లో ఏరు హోరుమనింది. కోపం వచ్చింది, రాకుండా ఎట్ల ఉంటాది. తడిక దగ్గర రెండుసార్లు తెరుచుకొని మూసుకున్న ఆ నోరు గుర్తొచ్చింది. తీసేసిన ఎముకలు, త్రాసు, మధ్యాహ్నాలు పిల్ల వీపు మీద వెతికిన గీత, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చినాయి. కానీ ఆ కోపం నోటి దాకా రాకముందే ఇంకొకటి వచ్చింది, ఏడాదిగా ఎవరినీ అడగలేకపోయిన మాట.

"అయితే పిల్లలో ఏమీ లేదా అత్తా?"

"ఏమీ లేదమ్మీ. అది నిక్షేపంగా ఉంది. ఏబేలు నన్ను కొడతాడని భయపడి చెప్పలేదు. రాత్రుళ్లు వచ్చి నీ చెయ్యి తాకి చూసి, చెప్పలేక పోయేదాన్ని. తర్వాత అది నా పక్కన పడుకోవడం మరిగినాక, చెప్పబుద్ధి కాలేదు."

ముసలామె నీళ్లలో అట్లనే నిలబడి, గట్టు మీది బురద వైపు చూస్తా ఉంది. జారుడు గట్టు, ఆమె మోకాళ్లతో ఒంటరిగా ఎక్కేది కాదు. ముందుపోయిన ఏబేలు ఆగి వెనక్కి చూసి కేకేసినాడు.

తర్వాత రాహేలు ఎడమచేత్తో పిల్లను వీపు మీద అదిమి పట్టుకొని, ఒక కాలు గట్టున తన్నిపెట్టి వంగి, కుడిచెయ్యి కిందికి చాపింది. మణెమ్మ ఆ చేతి వైపు చూసి, తన చెయ్యి చీరకు తుడుచుకుంది. మళ్లీ తుడుచుకుంది. ఆ ముసలి చెయ్యి చెమటతో నీళ్లయి ఉంది. రాహేలు దాన్ని పట్టుకుంది. జారలేదు. గట్టిగా పట్టి, బురదలోంచి పైకి లాగింది. పిల్ల నిద్రలోనే వీపు మీద ఇంకొంచెం సర్దుకొని పడుకుంది.